సాపు చేసిన గీతలు

మా బావ చెయ్యి వణుకుతోందని లోకంలో అందరికన్నా ముందు తెలిసింది నాకే. మా అక్కకన్నా ముందు, డాక్టరమ్మకన్నా ముందు, ఆఖరికి బావకన్నా కూడా ముందు. తెలిసి నేను చేసిన ఘనకార్యం ఏమిటంటే, ఆ వణుకుని మౌస్‌తో సాపు చేశాను. ఒకసారి చేసి ఊరుకోలేదు. ఎనిమిది నెలలపాటు, రోజూ మధ్యాహ్నం భోజనం అయ్యాక, పళ్ళు తోముకున్నంత క్రమం తప్పకుండా చేశాను.

ఇదేమిటో అర్థం కావాలంటే ముందు మేం చేసే పనేమిటో చెప్పాలి. చెప్పడమంటేనే నాకు నీరసం. బస్సులో పక్క సీటాయన అడిగితే 'కంప్యూటర్ పని' అని కిటికీలోంచి బయటికి చూస్తాను. సంగీతం అన్నామంటే చాలు, 'ఏదీ, ఓ పాట పాడండి' అంటారు. నాకు పాడటం రాదు. మా బావకీ రాదు.

సినిమాలోనో సీరియల్లోనో వెనకాల అరవై మంది కూర్చుని వయొలిన్లూ, వాటికన్నా పెద్దగా ఉండి లావు గొంతుతో పలికే సెల్లోలూ వాయిస్తున్నట్టు వినిపిస్తుంది కదా. చాలాసార్లు అక్కడ అరవై మంది ఉండరు. టైర్ల కొట్టు పైన, రెండో అంతస్తులో, మా అక్కావాళ్ళ ముందుగదిలో నేనూ మా బావా ఉంటాం. ఎవరో మహానుభావులు ఎక్కడో మంచి హాల్లో అసలు వాద్యాలన్నిటినీ ఒక్కో స్వరం చొప్పున వాయించి, రికార్డు చేసి, కంప్యూటర్‌లోకి ఎక్కించి పెట్టారు. పియానోలాంటి కీబోర్డు మీద కీ నొక్కితే ఆ స్వరం పలుకుతుంది. పలుకుతుంది, అంతే; బస్టాండులో మైకు పలికినట్టు. దానికి ప్రాణం పోసేది పక్కనుండే ఫేడర్ల పెట్టె. మిడి కంట్రోలర్ అంటారు. జానెడు వెడల్పు, మూరెడు పొడుగు. దాని మీద పైకీ కిందకీ జరిగే ఎనిమిది ఫేడర్లు. ఒకటి తోస్తే శబ్దం పెరుగుతుంది. ఇంకోటి తోస్తే కమాను తీగని నొక్కి లాగినట్టు స్వరం గట్టిపడుతుంది, వెనక్కి జరిపితే మెత్తబడుతుంది. ఏది ఎప్పుడు ఎంత తొయ్యాలన్నదే మొత్తం విద్య. వేలు కదిలిన తీరంతా తెర మీద, స్వరాల కింద, ఒక గీతలాగా పడుతుంది.

కీలు నొక్కేది నేను. ఫేడర్లు తోసేది బావ.

బావ ఒకప్పుడు రికార్డింగ్ హాల్లోనూ, అప్పుడప్పుడు కచేరీ స్టేజి మీదా వయొలిన్ వాయించేవాడు. ఆఖరి వరుస, గోడ పక్క కుర్చీ. కంప్యూటర్లు వచ్చి ఆ వరుసలన్నీ ఖాళీ అయినప్పుడు మిగతావాళ్ళు వాటిని తిట్టుకుంటూ ఇళ్ళకెళ్ళిపోయారు. ఈయన తిట్టుకుంటూనే వెళ్ళి ఒకటి కొనుక్కొచ్చాడు. అప్పటికి నేను పనీపాటా లేకుండా అక్క ఇంట్లో తిని కూర్చుంటున్నాను. "తిన్నది అరగడానికైనా ఈ కీలు నొక్కరా" అని పక్కన కూర్చోబెట్టాడు. పద్దెనిమిదేళ్ళుగా అరగదీస్తూనే ఉన్నాను.

ఆయనకి కొన్ని పట్టుదలలున్నాయి. మొదటి వయొలిన్లు, రెండో వయొలిన్లు, వయోలాలు, సెల్లోలు, బాసులు, ఒక్కోదానికీ విడిగా తొయ్యాల్సిందే. ఒకసారి తోసిన గీతని కాపీ చేసి మిగతా నాలుగింటికీ అతికిస్తే పావుగంటలో పని తేలిపోతుంది. అందరూ చేసేదీ అదే. "అరవై మందీ ఒకే ముక్కుతో ఊపిరి పీలుస్తార్రా?" అంటాడు. నిలబడే తోస్తాడు. స్వరం మొదలయ్యే ముందు కమాను ఎత్తినట్టు భుజం ఎత్తి, ఊపిరి తీసుకుని, చూపుడువేలూ మధ్యవేలూ రెండు ఫేడర్ల మీద పెడతాడు. మౌస్‌తో గీత గియ్యడం ఆ గదిలో నిషేధం. ఏ టేకూ చెరపకూడదన్నది ఇంకో రూలు. నచ్చనివి కూడా 'పాతవి' అనే ఫోల్డర్‌లో తేదీ వేసి దాచాలి.

పొద్దున తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా బావ తోస్తాడు. భోజనం చేసి రెండు గంటలు పడుకుంటాడు. ఆ రెండు గంటలూ నాది సర్దుడు పని. అటూఇటూ అయిన స్వరాలు జరపడం, తోకలు కత్తిరించడం, పేర్లు పెట్టడం. పక్కగదిలో అక్క కుట్టుమిషన్ మీద బట్టలు కుడుతూ ఉంటుంది. మా దగ్గర మైకు లేదు కనక ఆ చప్పుడుతో మాకు పేచీ లేదు.

ఆ రోజు సెల్లోలకి నాలుగు బార్ల, అంటే నాలుగు తాళం చుట్ల, పొడుగు స్వరం ఒకటి. చిన్నగా మొదలై, ఒకే ఎత్తున నిలబడి, చివర్లో జారాలి. సర్దుతూ పెద్దది చేసి చూస్తే, నిలబడాల్సిన చోట గీత మీద సన్నగా రంపం పళ్ళు కనిపించాయి. ఫేడర్‌లో దుమ్ము చేరింది కాబోలనుకున్నాను. దూది పుల్లకి స్పిరిట్ అద్ది తుడిచాను. మర్నాడూ పళ్ళే. తెలిసినతని దగ్గర ఇంకో పెట్టె అడిగి తెచ్చి, "పాతది రిపేరుకిచ్చాను బావా" అని అబద్ధమాడి, దాని మీద తోయించాను. దాని మీద కూడా అవే పళ్ళు. బావ పడుకున్నాక అదే ఫేడర్ మీద నా వేలు పెట్టి చూశాను. గీత చాపలా పడుకుంది.

వణికేది పెట్టె కాదు, బావ చెయ్యి. తర్వాత ఆ నాలుగు బార్లూ ఎంచుకుని, సాపు చేసే బటన్ ఒకసారి నొక్కాను. పళ్ళు పోయాయి. అసలు టేకు మాత్రం రూలు ప్రకారం 'పాతవి'లో తేదీ వేసి పెట్టాను. దొంగతనం చేసేవాడు కూడా ఇంటి రూళ్ళు పాటించాలి కదా.

ఎందుకు చెప్పలేదని తర్వాత అందరూ అడిగారు. నేనూ అడుక్కున్నాను. మొదటి రోజు ఓపిక లేక చెప్పలేదు. సాయంత్రానికి పని పంపాలి. ఆ సంగీత దర్శకుడు చెవిలో జోరీగ. ప్రతిదానికీ "ఇంకొంచెం" అంటాడు. ఇంకొంచెం లోతు, ఇంకొంచెం బాధ, ఇంకొంచెం వెలుతురు. మేం ఆయన్ని ఇంకొంచెంగారనే పిలుచుకుంటాం, అసలు పేరు చెక్కు మీద చూస్తే కొత్తగా ఉంటుంది. రెండో రోజు, రేపు చెబుదాంలే అనుకున్నాను. పదో రోజుకి, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటాడని భయమేసింది. ఆ తర్వాత అది సర్దుడు పనిలో ఒక మెట్టయిపోయింది. జరపడం, కత్తిరించడం, సాపు చెయ్యడం, పేరు పెట్టడం.

ఇంత చేసీ నాకు తట్టని సంగతొకటుంది. బావకి తన చెయ్యి మీద అనుమానం వచ్చింది. టీ కప్పు సాసర్లో గలగలమంటోంది. చొక్కా గుండీ పెట్టుకోడానికి తంటాలు పడుతున్నాడు. అక్క చూసి, "ఓసారి డాక్టరుకి చూపించుకోండి" అని పోరింది. దానికి బావ ఏమన్నాడో తెలుసా?

"చెయ్యికేం తక్కువే? నిన్నటి సెల్లోలు విను. నాలుగు బార్లు, రాయిలా నిలబడింది. జబ్బు చెయ్యి అలా నిలబడుతుందా?"

అని ఆవిణ్ణి మా గదిలోకి పిలిచి, స్పీకర్లో పెట్టి వినిపించాడు. నేను సాపు చేసిన సెల్లోలు. అక్క విని, నా వైపు చూసి, "ఏరా, పనిలో చెయ్యి బాగానే ఉందా?" అని అడిగింది.

"బాగానే ఉందక్కా" అన్నాను.

ఆ మాటొకటి నాకిప్పటికీ మింగుడు పడదు. మిగతావన్నీ మౌస్ చేసిన పనులు. ఇది నా నోరు చేసిన పని.

అలా ఎనిమిది నెలలు లాక్కొచ్చాక ఇంకొంచెంగారు ఒక కబురు పట్టుకొచ్చాడు. పెద్ద గాయని ఒకావిడ, పాడటం మానేసి చాలా ఏళ్ళయింది, మళ్ళీ ఒక్కసారి స్టేజి మీద మూడు పాటలు పాడుతుందట. ఆవిడకి తాళం కట్టుబాటు నచ్చదు. ఊపిరి ఉన్నంతసేపు లాగుతుంది, లేనప్పుడు ఆపేస్తుంది. వెనక వాద్యాలు ఆవిణ్ణి అనుసరించాలి కాని ఆవిడ వాటిని అనుసరించదు. అంతమంది వాద్యకారుల్ని పెట్టే స్తోమతు లేదు. కనక కంప్యూటర్‌ని స్టేజి మీద పెట్టి, మా బావ ఆవిడ గొంతుని చూస్తూ అక్కడికక్కడ ఫేడర్లు తొయ్యాలి. నేను పెడల్ తొక్కితే తర్వాతి స్వరాలు వస్తాయి. వాటిని పెంచడం, తగ్గించడం, ఆపడం అన్నీ బావ చేతిలో.

"మీ చెయ్యి నిలకడ చూసే ఒప్పుకున్నాను సార్" అన్నాడు ఇంకొంచెంగారు. "ఎడిటింగ్‌కి అవకాశం లేదు మరి. ఏది తోస్తే అదే జనం వింటారు."

బావ మొహం చూడాలి. స్టేజి ఎక్కి పద్దెనిమిదేళ్ళు. ఎక్కినప్పుడు కూడా ఆఖరి వరుసే. "ముందు వరుసలో కూర్చోబెడతార్రా!" అన్నాడు నాతో, పెళ్ళికొడుకులా సిగ్గుపడుతూ. అక్క ఆ సాయంత్రమే కొత్త చొక్కాకి గుడ్డ కత్తిరించింది. నేను టీ తాగుతున్నట్టు నటించాను. ఇక చెప్పక తప్పదు, ఇవాళే చెప్పాలి అనుకున్నాను. చెప్పలేదు. ఇంకో మందు కనిపెట్టాను.

వచ్చే గీతని వచ్చినట్టే, అప్పటికప్పుడు సాపు చేసే ఫిల్టరొకటుంది. మా గదిలో మొదటి రిహార్సల్‌కి ముందు రోజు మధ్యాహ్నం దాన్ని ఫేడర్లకీ శబ్దానికీ మధ్య ఇరికించాను. దానిలో చిక్కేమిటంటే, ఏది వణుకో ఏది కదలికో తేల్చుకోడానికి దానికి కాస్త వ్యవధి కావాలి. చెయ్యి కదిలాక రెప్పపాటు ఆగి శబ్దం కదులుతుంది. మామూలువాడికి తెలీదు. తెలీదని నన్ను నేను నమ్మించుకున్నాను.

మర్నాడు పొద్దున బావ నిలబడి, భుజం ఎత్తి, తోశాడు. రెండు బార్లు కాలేదు, చెయ్యి తీసేశాడు.

"ఏంట్రా ఇది? చెయ్యి ముందు పోతోంది, శబ్దం వెనక పడుతోంది."

"కంప్యూటర్ వేడెక్కింది బావా. ఈ మధ్య నెమ్మదిగా..."

"కంప్యూటర్ కాదు. ఎవరో మధ్యలో నిలబడి నా చెయ్యి పట్టుకున్నట్టుంది."

ఆయన నన్ను పక్కకి జరగమని మౌస్ అందుకున్నాడు. పద్దెనిమిదేళ్ళలో ఆయన మౌస్ పట్టుకోగా నేను చూసింది పట్టుమని పదిసార్లుండదు. ఒక్కో కిటికీ తెరిచి చూసుకుంటూ వెళ్ళి, ఫిల్టర్ దగ్గర ఆగాడు. ఆపేశాడు. మళ్ళీ నిలబడి, పెడల్ తొక్కమని సైగ చేసి, ఒక్క స్వరం తోసి నిలబెట్టాడు.

గది నిండా సెల్లోలు వణికాయి.

బావ వేలు తియ్యలేదు. ఆ స్వరాన్ని అలాగే వింటూ నిలబడ్డాడు. అందాజుగా పన్నెండు బార్లు. పక్కగదిలో మిషన్ ఆగింది.

"ఎన్నాళ్ళుగా?" అన్నాడు.

నేను 'పాతవి' ఫోల్డర్ తెరిచి ఇచ్చాను. ఆయన కూర్చుని మొదటి తేదీ నుంచి ఒక్కోటే తెరిచాడు. వినలేదు, గీతల్ని చూశాడంతే. వేసవిలో సన్నగా, వానల్లో కాస్త ముతగ్గా, మొన్నటివి అయితే దువ్వెన పళ్ళంత. పక్కనే నేను సాపు చేసిన గీత కూడా ప్రతిదానికీ ఉంది. భోజనానికి లేవలేదు. అక్క రెండుసార్లు పిలిచి, మూడోసారి వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆయనే ఆవిడకి అంతా చెప్పాడు, లెక్కల మాష్టారు లెక్క చెప్పినట్టు. నా పేరెత్తి ఒక్క తిట్టు తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

చివరికి నాతో ఒక్క మాటన్నాడు. "చెయ్యి వణికితే వణికింది. నా చెవులు కూడా నావి కాకుండా చేశావు కదరా."

మర్నాడు ముగ్గురం వెళ్తే, డాక్టరమ్మ కాగితం ఇచ్చి, నత్తగుల్లలా చుట్టలు చుట్టుకుంటూ ఒక గీత గియ్యమంది. అటు చెయ్యి వంచింది, ఇటు తిప్పింది, గదిలో నడిపించింది. "ఎప్పటినుంచి ఉంది ఇలా?" అని అడిగింది.

"మా బావమరిదిని అడగండి" అన్నాడు బావ. "అతని దగ్గర తేదీలతో సహా ఉన్నాయి."

నేను మొదటి తేదీ చెప్పాను. ఆవిడ పెన్ను ఆపి నా వైపు చూసింది. ఇది నరాల జబ్బనీ, పూర్తిగా పోదనీ, మందుతో చాలాకాలం అదుపులో ఉంటుందనీ నెమ్మదిగా చెప్పింది. తర్వాత, ఎవరినీ అనని గొంతుతో, "ముందే వచ్చి ఉంటే ఈ ఎనిమిది నెలలూ ఇంత అవస్థ ఉండేది కాదు" అంది.

ఇంటి మెట్లెక్కి, తాళం తీసేముందు, అక్క వెనక్కి తిరక్కుండానే అంది. "నిన్నడిగాను కదరా నేను. వాళ్ళనీ వీళ్ళనీ కాదు, నిన్నడిగాను."

నేను రోజూ వెళ్ళడం మానలేదు. ఎక్కడికెళ్తాను? నలభై నాలుగేళ్ళొచ్చాయి, ఇది తప్ప ఇంకో పని రాదు. తొమ్మిదికి వెళ్ళేవాణ్ణి, కుర్చీలో కూర్చునేవాణ్ణి, పాత పనులకి పేర్లు సరిచేసేవాణ్ణి. బావ వచ్చి పేపరు చదువుకునేవాడు. 'టీ తాగుతావా' దాకా మాట్లాడుకునేవాళ్ళం. అంత ఇరుకు గదిలో ఇద్దరం ఒకరినొకరు తప్పించుకోవడమంటే తల ప్రాణం తోకకొచ్చింది.

నాలుగో వారానికి మందు పట్టింది. టీ కప్పు చప్పుడు తగ్గింది. ప్రోగ్రాం సంగతి బావ అప్పటిదాకా నాన్చుతూ వచ్చాడు. ఇంకొంచెంగారు ఫోను చేసి, శుక్రవారం లోపల అవునో కాదో తేల్చమన్నాడు. గురువారం పొద్దున బావ పేపరు మడిచి, లేచి, ఫేడర్ల ముందు నిలబడ్డాడు. "మూడో పాట" అన్నాడు. అన్నిటికన్నా కష్టం అదే. చివర్లో సెల్లోలు నాలుగు బార్లపాటు గొంతు కింద కదలకుండా నిలబడాలి.

నేను పెడల్ తొక్కాను. ఆయన తోశాడు. ఏం చెప్పమంటారు, పద్దెనిమిదేళ్ళ కిందటి చెయ్యి. నాలుగు బార్లూ నిలబడింది. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. బావ మాత్రం నా వైపు తిరిగి, "ఏం చేశావ్?" అన్నాడు.

"ఏం చెయ్యలేదు బావా."

"ఫిల్టర్ ఉందా?"

"తీసేసి నెలయింది. కావాలంటే చూడు."

చూశాడు. లేదు. అయినా మొహంలో నమ్మకం రాలేదు. మళ్ళీ తోశాడు. మళ్ళీ నిలబడింది. ఈసారి గీతని తెర నిండా పెద్దది చేసి, ముక్కు ఆనేంత దగ్గరగా చూశాడు. నేను రెండు చేతులూ ఎత్తి చూపించాను, పోలీసుల ముందు దొంగలాగా. నవ్వలేదు. నవ్వుతాడేమోనని నేను ఆశపడ్డాను.

"ఇదిగో, ఓసారిలా రా" అని అక్కని పిలిచాడు. "ఇక్కడ కూర్చుని వీడి చేతులు చూస్తూ ఉండు."

అక్క మెడలో టేపుతోనే వచ్చి, నా పక్కన స్టూలు వేసుక్కూర్చుంది. తెర మీద ఏది స్వరమో ఏది గీతో ఆవిడకి తెలీదు. నా చేతుల సంగతి మాత్రం నేను పాకే రోజుల్నుంచీ తెలుసు. వాటిని ఒళ్ళో పెట్టుకున్నాను. బావ మూడోసారి తోశాడు. స్వరం ఆగిపోయాక ఇద్దరం అక్క వైపు చూశాం.

"వాడు ముట్టుకోలేదండీ" అంది.

అప్పుడు నమ్మాడు. కుర్చీలో కూలబడి మొహం తుడుచుకున్నాడు. తర్వాత ఫోను తీసి, వస్తున్నానని ఇంకొంచెంగారికి చెప్పాడు. ఫోను పెట్టి, నా వైపు చూడకుండా, "పెడల్ దగ్గర మీ అక్క కూర్చుంటుంది. నువ్వు రావద్దులే" అన్నాడు.

చెంప మీద కొట్టినా అంత నొప్పి ఉండేది కాదు. కాని నా సంపాదనే అది. ప్రోగ్రాంకి మిగిలిన రెండు వారాలూ అక్కకి పెడల్ నేర్పించింది నేనే. మూడు పాటలకీ కలిపి ఎనభై ఒక్కసార్లు తొక్కాలి. గాయని ఎక్కడ ఊపిరి వదులుతుందో, ఎక్కడ నిజంగా ఆపుతుందో, ఎక్కడ ఆపినట్టు చేసి మళ్ళీ లాగుతుందో పాట కాగితం మీద ఎర్ర పెన్సిల్‌తో గుర్తులు పెట్టాను. జీవితమంతా మిషన్ తొక్కిన కాలు. నాకన్నా తొందరగా పట్టేసింది.

"మిషనే నయంరా" అంది ఒకరోజు. "తప్పు తొక్కితే సూది విరుగుతుంది, తెలిసి చస్తుంది. ఇది తప్పయినా తెలీనివ్వదు." అని, ఏమన్నదో గుర్తొచ్చినట్టు ఆగిపోయింది. చాలా రోజుల తర్వాత ఆవిడ నాతో మాట్లాడిన పొడుగాటి మాట అది.

ఆదివారం పొద్దున పదకొండింటికి ప్రోగ్రాం. టికెట్టు కొనుక్కుని తొమ్మిదో వరుసలో కూర్చున్నాను. బావ ముందు వరుసకన్నా ముందే ఉన్నాడు, స్టేజి మీద, గాయనికి నాలుగడుగుల దూరంలో, కొత్త చొక్కాలో. కింద పెడల్ మీద అక్క పాదం. మొదలవడమే గంటన్నర ఆలస్యమైంది. మైకులో ఇంకొంచెం అది తగ్గించండి, ఇంకొంచెం ఇది పెంచండి అని ఇంకొంచెంగారు పరుగులు పెడుతూనే ఉన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. బావ మాత్ర వేసుకుంది తొమ్మిదింటికి. అది మధ్యాహ్నం ఒంటిగంట దాకానే పనిచేస్తుందని ఆ హాల్లో ముగ్గురికే తెలుసు.

మొదటి రెండు పాటలూ నేను వినలేదు, లెక్కపెట్టాను. వాచీ చూసుకుంటూ కూర్చున్నాను. బావ మాత్రం ఆవిడ గొంతు వెనకాలే వెళ్తున్నాడు. ఆవిడ ఆగితే ఆగుతున్నాడు, ఆవిడ చటుక్కున లేస్తే అరవై మందితో లేస్తున్నాడు. జనం చప్పట్లు ఆపక, గాయని మంచినీళ్ళు తాగి, నాలుగు మాటలు మాట్లాడి, మూడో పాట ఎత్తుకునేసరికి ఒంటిగంటా పది.

చివరి నాలుగు బార్లొచ్చాయి. మొదటిది నిలబడింది. రెండోది నిలబడింది. మూడోదాంట్లో సెల్లోల కింద సన్నగా మొదలైంది, ఎనిమిది నెలలు నేను రోజూ చూసిన ఆ పళ్ళు. నా కుడిచేతి చూపుడువేలు దానంతటదే కుర్చీ చెయ్యి మీద టక్కున నొక్కుకుంది. ఏమీ సాపు కాలేదు. పక్కనావిడ ఏమిటన్నట్టు నా వేలు వంక చూసింది. నాలుగో బార్ అంతా అలాగే వణుకుతూ నడిచి, గాయని గొంతుతోపాటు ఆగింది. సిగ్గేసింది నాకు, నా వేలిని చూసి.

జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నేను స్టేజి వెనక్కి వెళ్ళాను. ఇంకొంచెంగారు అక్కడే బావ చేతులు పట్టుకుని ఊపుతున్నాడు. "అద్భుతం సార్! ఆ చివర్న ఒక్కటే... ఇంకొంచెం..." అని, ఇంకొంచెం ఏమిటో తోచక, "అబ్బే, ఏం లేదు, అద్భుతం" అని వెళ్ళిపోయాడు.

ముగ్గురం మిగిలాం. అక్క వైర్లు చుట్టుకుంటోంది. బావ కుర్చీలో కూర్చుని, ఎడమచేత్తో కుడిచెయ్యి పట్టుకుని, నా వైపు తలెత్తాడు.

"విన్నావా?"

"విన్నాను బావా."

"తెలిసిందా?"

అక్క వైరు చుట్టడం ఆపి నన్ను చూసింది. ఈ ఒక్కసారికీ ఏమీ లేదని చెప్పరా అన్నట్టుంది ఆవిడ మొహం. నాకూ అలాగే చెప్పాలనిపించింది. నోటిదాకా వచ్చింది కూడా.

"తెలిసింది. మూడో బార్ సగంలో మొదలైంది. నాలుగోది మొత్తం ఉంది."

"నాలుగోది మొత్తమా?"

"మొత్తం."

బావ తల ఊపాడు. ఆయన మొహంలో కోపం కోసం వెతికాను, దొరకలేదు. అలసట ఉంది. నాకున్నంత అలసటే.

"నాకూ అంతే వినిపించింది" అన్నాడు. లేవడానికి చెయ్యి చాపాడు. పట్టుకుని లేపాను. నా చేతిలో ఆయన చెయ్యి వణుకుతూనే ఉంది. పద్దెనిమిదేళ్ళు పక్కపక్కన పనిచేశాం కాని, ఆ చెయ్యి పట్టుకోవడం అదే మొదటిసారి.

"రేపు తొమ్మిదింటికి రా. ఇంకొంచెంగారి సీరియల్ పని పడుంది. కీలు నువ్వే నొక్కు" అన్నాడు మెట్ల దగ్గర. నాకు ఊపిరొచ్చింది. సరే బావా అనబోయాను.

"మౌస్ మాత్రం మీ అక్క దగ్గరుంటుంది" అన్నాడు.